ఫైబర్ నెట్‌కి ఒకే బాక్సు చాలా, రౌటర్ వేరుగా కొనాలా?

కావలిలో మాది మేడిల్లు. నెట్ వాళ్లు మోడెమ్, వైఫై కలిసున్న బాక్సొకటి కింద హాల్లో టీవీ వెనక బిగించి పోయారు. అక్కడ 100 ఎంబీపీఎస్ నిక్షేపంగా వస్తోంది. పైన పాప గదిలో 5 గిగాహెర్ట్జ్ సిగ్నలే కనపడదు. 2.4 మీద ఆన్‌లైన్ క్లాసు పెడితే సారు నోరు తెరిచినోడు తెరిచినట్టే ఆగిపోతాడు. మధ్యలో స్లాబు ఉంది కదా మరి.

బాక్సును బ్రిడ్జ్ మోడ్‌లో (అంటే రౌటర్ పని మానేసి నెట్‌ని ముందుకు పంపడమే చేసేలా) పెట్టించి, పైకి లాన్ కేబుల్ లాగి వేరే రౌటర్ పెడదామనుకుంటున్నా. కనెక్షన్ ఇచ్చిన అబ్బాయేమో "ఎందుకన్నా దండగ" అంటున్నాడు. బ్రిడ్జ్ చేస్తే కింద వైఫై పోతుందా? పీపీపీఓఈ పాస్‌వర్డ్ (కొత్త రౌటర్‌లో నెట్‌కి లాగిన్ అయ్యేందుకు కావాల్సింది) అడిగితే ఇస్తారా? లేక ఆ జోలికి పోకుండా, పై రౌటర్‌ని యాక్సెస్ పాయింట్‌గా (కింది బాక్సు నెట్‌నే పైన వైఫైగా పంచేలా) పెట్టుకుంటే సరిపోతుందా? ల్యాండ్‌లైన్ కూడా ఆ బాక్సుకే ఉంది, అది మూగబోతే నాన్న ఊరుకోరు. ఇట్టా చేసినవాళ్లుంటే కాస్త చెప్పండి.