రెండున్నరేళ్ల పాపకు బొడ్డు హెర్నియా: ఇప్పుడే ఆపరేషనా, ఆగొచ్చా?

కాకినాడ_అమ్మ:
పాప నెలలు నిండకుండా పుట్టింది. ఇప్పుడు 12 కిలోలు. ఏడ్చినా దగ్గినా బొడ్డు నిమ్మకాయంత పొంగుతుంది, పడుకుంటే లోపలికి పోతుంది. నొప్పి, వాంతులు లేవు. ఒక డాక్టరు గారు ఆపరేషన్ చేయిద్దామన్నారు, ఇంకొకరు ఐదేళ్ల దాకా చూద్దామన్నారు. మా అత్తయ్య గారేమో రూపాయి బిళ్ల పెట్టి గుడ్డ కట్టమంటున్నారు. దేన్నిబట్టి తేల్చుకోవాలి? ఆపరేషన్‌లో ఏం చేస్తారు?

పిల్లల_సర్జరీ:
అమ్మా, పొంగు సైజు చూసి భయపడకండి. దాని కింద పొట్ట గోడ పొరలో ఉన్న రంధ్రం ఎంతుందో అడగండి. పాప నిద్రలో ఉన్నప్పుడు పొంగును మెల్లగా లోపలికి నెడితే ఆ రంధ్రం అంచు వేలికి తెలుస్తుంది. 1 సెం.మీ. లోపుంటే చాలామందికి 4–5 ఏళ్లలోపు దానంతటదే మూసుకుంటుంది. 1.5–2 సెం.మీ. దాటితే ఆ అవకాశం తగ్గుతుంది. అలాంటప్పుడు కూడా ఇబ్బంది లేకపోతే నాలుగేళ్లు వచ్చేదాకా ఆగడమే మామూలు, ఎందుకంటే పిల్లల్లో బొడ్డు దగ్గర పేగు ఇరుక్కోవడం చాలా అరుదు.

రెండు మినహాయింపులు. పొంగు బొడ్డుకు కాస్త పైన, నడిమధ్య గీత మీద ఉంటే అది దానంతటది పోదు. గజ్జల్లో వాపు ఉంటే అసలు ఆగకూడదు, అక్కడ పేగు ఇరుక్కునే ప్రమాదం ఎక్కువ. మలబద్ధకం, మందకొడితనం, ఎదుగుదల లేకపోవడం కూడా ఉంటే థైరాయిడ్ పరీక్ష చేయించండి.

బిళ్ల కట్టొద్దు. దానివల్ల రంధ్రం మూసుకోదు. కింద చెమట పట్టి చర్మం ఒరుస్తుంది, పుండవుతుంది. ఊడితే పిల్ల నోట్లో పెట్టుకుంటుంది.

ఆపరేషన్‌కు పూర్తి మత్తు ఇస్తారు. బొడ్డు కింది మడతలో వంపుగా చిన్న గాటు పెట్టి, హెర్నియా సంచిని చర్మం నుంచి విడదీసి, రంధ్రాన్ని మెల్లగా కరిగే కుట్లతో మూస్తారు. చిన్నపిల్లలకు మెష్ (రంధ్రం మీద వేసే వల లాంటి అతుకు) అవసరం ఉండదు. చివర్లో బొడ్డు చర్మాన్ని కింది పొరకు కుట్టి గుంటలా చేస్తారు. సాధారణంగా అదే రోజు ఇంటికి పంపేస్తారు. తర్వాత కుట్ల కింద రక్తమో నీరో చేరి ఉబ్బొచ్చు. హెర్నియా మళ్లీ వచ్చిందని చాలామంది కంగారు పడతారు గానీ, అది ఎక్కువగా కొన్ని వారాల్లో తగ్గుతుంది. అయినా ఒకసారి చూపించండి. ఎర్రబడి, వేడిగా ఉండి, చీము కారితే వెంటనే తీసుకెళ్లాలి.

మత్తు_డాక్టర్:
అన్నం, బిస్కెట్లు, ఆవు పాలు మత్తు ఇవ్వడానికి 6 గంటల ముందే ఆపాలి. తల్లిపాలైతే 4, మంచినీళ్లు 2 గంటలు. ఎవరైనా పొరపాటున ఏదైనా పెట్టేస్తే దాచకండి. మత్తులో వాంతయితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. జలుబు, జ్వరం ఉంటే వాయిదా వేయడమే మంచిది.

నొప్పికి పారాసెటమాల్ కిలోకు 15 మి.గ్రా. లెక్కన, 6 గంటల ఎడంతో, రోజుకు నాలుగు సార్లకు మించకుండా ఇవ్వాలి. 12 కిలోల పాపకు ఒక మోతాదు 180 మి.గ్రా. సీసా మీద 5 మి.లీ.కి 250 అని ఉంటే 3.6 మి.లీ., 125 అని ఉంటే 7.2 మి.లీ. చుక్కల మందు బలం వేరు, ఈ లెక్క దానికి వాడకండి.

కాకినాడ_అమ్మ:
చీటీలో 0.9 సెం.మీ. అని రాశారండి. పొంగు సరిగ్గా బొడ్డులోనే ఉంది.

పిల్లల_సర్జరీ:
అయితే ఆగొచ్చమ్మా. ఏడాదికోసారి రంధ్రం కొలిపించండి. పొంగు గట్టిపడి లోపలికి పోకపోయినా, రంగు మారినా, పాప ఆపకుండా ఏడుస్తూ ఆకుపచ్చగా వాంతి చేసుకున్నా తినడానికీ తాగడానికీ ఏమీ ఇవ్వకుండా, పిల్లల సర్జన్ ఉన్న ఆసుపత్రికి అప్పటికప్పుడే తీసుకెళ్లండి.