పాత టకోమా ఫ్రేమ్‌కు ఇంటి గ్యారేజీలో ప్లేట్లు వెల్డింగ్ చేసుకోవడం గురించి సందేహం

ప్రశ్న

సభ్యులందరికీ నమస్కారం. నేను అమెరికాలో కొలరాడో రాష్ట్రం, డెన్వర్ దగ్గర ఉంటాను. నా దగ్గర 2009 నాటి టయోటా టకోమా పికప్ ఉంది. వేసవిలో దానిని కొండల్లోని రాతి దారులకు తీసుకువెళ్తుంటాను. గత నెలలో ముందు ఎడమ చక్రం ఒక బండరాయికి గట్టిగా తగిలినప్పటి నుంచి బండి ఒక పక్కకు లాగుతోంది. అలైన్‌మెంట్ (చక్రాల కోణాల సర్దుబాటు) చేయించినా వారం తిరగకుండానే మళ్లీ తప్పింది. కింద పడుకుని చూస్తే, చక్రాన్ని ఫ్రేమ్‌కు (బండి ఉక్కు చట్రానికి) కలిపే లోయర్ కంట్రోల్ ఆర్మ్‌ను పట్టి ఉంచే, తిప్పితే చక్రం కోణం మారే క్యామ్ బోల్టు వాషరుకు రెండు పక్కలా ఫ్రేమ్ మీద ఉండే చెవుల్లో ఒకటి బయటికి ఒంగి కనిపించింది.

దాన్ని సరిచేయడంతో పాటు, ముందు నుంచి వెనుక బంపరు వరకు ఫ్రేమ్ రెండు రైళ్లకూ (పొడవాటి ఉక్కు దూలాలకూ) 6 మిల్లీమీటర్ల ప్లేటు వేసి, క్యాబిన్ వెనుక తెరిచి ఉన్న భాగాన్ని పెట్టెలా మూసివేయాలని అనుకుంటున్నాను. నా దగ్గర 140 ఆంపియర్ల మిగ్ (తీగతో అతికే) వెల్డింగ్ యంత్రం ఉంది, రెండేళ్ల అనుభవం ఉంది. ఈ పని ఇంట్లో చేసుకోవచ్చా?

సమాధానం

నమస్కారమండీ. విశాఖలో ఓడల మరమ్మతుల్లో వెల్డరుగా మొదలుపెట్టి, ఇప్పుడు టెక్సాస్‌లో ఫాబ్రికేషన్ పని చేస్తున్నవాడిని కనుక కాస్త విపులంగానే రాస్తాను. చెవుల పని మీరు నిస్సందేహంగా చేసుకోవచ్చు. రెండో ఆలోచన మాత్రం మానుకోమని నా సలహా.

మీ బండి ఫ్రేమ్ ముందు భాగం మూసిన పెట్టె ఆకారంలోనూ, వెనుక భాగం ఒక పక్క తెరిచి ఉన్న సీ ఆకారంలోనూ ఉంటుంది. సుమారు 150 మిల్లీమీటర్ల ఎత్తు, 50 మిల్లీమీటర్ల వెడల్పు, 3 మిల్లీమీటర్ల మందం ఉన్న సీ రైలును నాలుగో పక్క కూడా మూసేస్తే మెలికను తట్టుకునే బిగువు వందల రెట్లు పెరుగుతుంది. వినడానికి ఇది లాభంగానే ఉంటుంది కానీ, రాళ్ల మీద ఒక చక్రం పైకి, ఒకటి కిందికి పోయినప్పుడు వెనుక భాగం కొంత మెలిపడాలన్నది ఆ ఫ్రేమ్ రూపకల్పనలోనే ఉంది. అంతవరకు రైలు పొడవునా పంచుకున్న మెలికను మీరు ఆపేస్తే, అదంతా మీ ప్లేటు ఎక్కడ ఆగిందో అక్కడికి వచ్చి చేరుతుంది. నేను ఒకప్పుడు నా సొంత పికప్‌కు సరిగ్గా ఈ పనే చేసి, అతుకులు ఎంత నున్నగా వచ్చాయో అని మురిసిపోయాను. మరుసటి సంవత్సరం క్యాబిన్ వెనుక, ప్లేటు చివరి అంచును ఆనుకునే వెంట్రుకవాసి పగులు కనిపించింది. అతుకు చెక్కుచెదరలేదు, దాని పక్కన ఉన్న అసలు ఇనుమే పగిలింది.

ఇక 6 మిల్లీమీటర్ల మందం సంగతి. పలుచని రైలు మీద దానికి రెట్టింపు మందమున్న ప్లేటు వేస్తే అది బలం కాదు, పక్కనున్న చోటికి భారం. పైగా వంపు వల్ల కలిగే ఒత్తిడి రైలు పై అంచులోనూ, కింది అంచులోనూ ఎక్కువగా ఉండి నడిమి గోడలో తక్కువగా ఉంటుంది కనుక, గోడ మధ్యలో పెద్ద ప్లేటు అతికించి లాభపడేది స్వల్పం. భారం ఫ్రేమ్‌లోకి ప్రవేశించే చోటు, అంటే మీ విషయంలో ఆ చెవులు, వాటిని పట్టుకున్న బ్రాకెట్టు, అవే ముఖ్యం.

అన్నింటికంటే ముందు తుప్పు చూడండి. 2005 నుంచి 2010 వరకు వచ్చిన టకోమాల ఫ్రేమ్ తుప్పు గురించి వేసిన దావాలో 2016లో రాజీ కుదిరి, 10 మిల్లీమీటర్లు లేదా అంతకు మించిన రంధ్రం పడితే ఫ్రేమ్ మార్చేందుకు సంస్థ ఒప్పుకుంది. మీ బండికి ఆ గడువు దాటిపోయినా ఆ కొలత గుర్తుంచుకోదగినది. మీ ప్రాంతంలో మంచు కాలంలో రోడ్ల మీద మెగ్నీషియం క్లోరైడ్ చల్లుతారు కనుక, చిన్న సుత్తితో రైలు పొడవునా కొట్టి శబ్దం వినండి. గట్టిగా ఖంగుమంటే మంచిది. బోలుగా, చప్పగా వినిపిస్తే అక్కడ వెల్డింగ్ పట్టదు, ప్లేటు వేసి దాచిపెట్టినట్టే అవుతుంది.

అడిగినవారి ప్రత్యుత్తరం

చాలా కృతజ్ఞతలండీ. సుత్తితో చూశాను, ముందు భాగమంతా గట్టిగానే ఉంది. వెనుక భాగం జోలికి పోను. చెవుల పని ఏ వరుసలో చేయాలో చెప్పగలరా? శుభ్రం చేయడానికి ఇంట్లో బ్రేక్ క్లీనర్ డబ్బాలు ఉన్నాయి, అవి వాడవచ్చా?

సమాధానం

బ్రేక్ క్లీనర్ విషయం ముందు చెబుతాను, ఎందుకంటే అది ప్రాణం మీదికి వస్తుంది. క్లోరిన్ కలిసిన రకం తడి కొంచెం మిగిలి ఉన్నా ఆర్క్ వేడికి, అతినీలలోహిత కిరణాలకు ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. కాబట్టి ఆ డబ్బాలు పక్కన పెట్టి, అసిటోన్‌తో తుడిచి, పూర్తిగా ఆరిన తరువాత, గ్రైండరుతో మెరిసే ఇనుము కనిపించే వరకు గీకండి.

బ్యాటరీ నెగటివ్ తీగ తీసి, ఎయిర్‌బ్యాగ్ కోసం కనీసం 90 సెకన్లు ఆగండి. ఎర్త్ క్లాంపు అతుకు పక్కనే ఉన్న శుభ్రమైన ఫ్రేమ్ మీద పెట్టాలి తప్ప చక్రం వైపు పెట్టకూడదు, లేకపోతే కరెంటు బేరింగు, బాల్ జాయింటు గుండా పోయి వాటిని పాడుచేస్తుంది. బ్రేకు, ఇంధన గొట్టాలు దగ్గరగా ఉంటే విప్పి పక్కకు కట్టండి, కుదరకపోతే వెల్డింగ్ దుప్పటి కప్పండి. మంటలార్పే డబ్బా చేతికందేలా ఉంచి, పని అయ్యాక ఒక గంట అక్కడే ఉండండి.

కంట్రోల్ ఆర్మ్ తప్పనిసరిగా విప్పాలి, లేకపోతే దాని రబ్బరు బుష్ కరిగిపోతుంది. అసలు శ్రమ ఇక్కడే ఉంది. ఉప్పు చల్లే ఊళ్లలో క్యామ్ బోల్టు బుష్ లోపలి గొట్టంలో తుప్పుతో ఒకటైపోయి ఉంటుంది. దెబ్బలకు రాకపోతే రంపంతో కోయడమే దారి. కాబట్టి కొత్త బోల్టులు, బుష్‌లు ముందే తెప్పించుకుని పని మొదలుపెట్టండి. ఆదివారం సాయంత్రం బండి జాకీ మీద ఉండగా దుకాణం వెతుక్కోవడం ఎవరికీ వద్దు.

ఒంగిన చెవిని సుత్తితో నెమ్మదిగా సరిచేసి, కుడివైపు చెవుల మధ్య దూరాన్ని వర్నియర్‌తో కొలిచి దానితో పోల్చండి. కొత్త బోల్టునూ వాషరునూ ఉత్తినే అమర్చి, గస్సెట్ ముక్కను (బలానికి వేసే ఆసరా ప్లేటును) చెవి వెనుక ఆనించి టాకా (తాత్కాలికంగా నిలిపే చిన్న అతుకు) వేయండి. వాషరు పూర్తి చుట్టూ స్వేచ్ఛగా తిరుగుతోందో లేదో చూసి, బోల్టు తీసేసిన తరువాతే పూర్తి అతుకు వేయండి. ఈ ఒక్క పరీక్ష మరిచి, అలైన్‌మెంట్ చేసే చోట వాషరు తిరగక, అంతా కోసి మళ్లీ చేసినవారిని చూశాను.

గస్సెట్‌కు 4.8 మిల్లీమీటర్ల ప్లేటు చాలు. అది మీ యంత్రానికి చివరి హద్దు కనుక, అదే మందమున్న తుక్కు ముక్కలను అతికి, అడ్డంగా కోసి, వేడి ఎంత లోతుకు దిగిందో చూసుకోండి. గ్యాసుతో అయితే 75 శాతం ఆర్గాన్, 25 శాతం కార్బన్ డయాక్సైడ్ మిశ్రమం వాడండి. గ్యాసు లేని ఫ్లక్స్ తీగ వాడితే యంత్రం లోపల ధ్రువాలు తారుమారు చేయడం మరవకండి. అతుకును ఒకేసారి లాగకుండా 25 నుంచి 40 మిల్లీమీటర్ల ముక్కలుగా, ఎడమ ఒకటి కుడి ఒకటి చొప్పున, చేయి పెట్టగలిగేంత చల్లారనిచ్చి వేయండి. రైలు పై, కింది అంచులకు అడ్డంగా అతుకు రాకూడదు. ముక్క చివరలు నిలువుగా తెగినట్టు కాక, కోణంగా సన్నబడుతూ ముగియాలి. ముందు బంపరు వెనుక రైలు చివర ఢీకొన్నప్పుడు నలగడానికి ఉద్దేశించిన భాగం, అక్కడ ఏమీ వేయకండి.

మరొక సభ్యుని ప్రశ్న

నేను తిరుపతి దగ్గర ఉంటాను. మా పక్కనే శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వీ-క్రాస్ నడుపుతున్నాను. ఇదే పని ఇక్కడ చేయించుకోవచ్చా అండీ?

సమాధానం

విరిగినదాన్ని బాగుచేయడం వేరు, బండి రూపాన్ని మార్చడం వేరు. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు మొదట పేర్కొన్నవాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీన్ని గట్టిగానే చెప్పింది. కాబట్టి ముందుగా మీ రవాణా కార్యాలయంలో, బీమా సంస్థలో అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.

అడిగినవారి ప్రత్యుత్తరం

రెండు శనివారాలు పట్టింది. మీరు అన్నట్టే ఎడమ బోల్టు రాలేదు, కోయవలసి వచ్చింది. వాషరు మొదటిసారి ఒకచోట తగులుకుంటే టాకా ఊడగొట్టి, గస్సెట్‌ను ఒక మిల్లీమీటరు వెనక్కి జరిపాను. అతుకుల మీద ప్రైమరు, రంగు వేశాను. అలైన్‌మెంట్ అయి నెల దాటింది, బండి తిన్నగానే పోతోంది.

సమాధానం

సంతోషమండీ. ఒక్క పని మిగిలింది. బయట రంగు వేసినా, అతుకు వేడికి పెట్టె లోపలి పూత కాలిపోయి ఉంటుంది. పొడవాటి గొట్టం ఉన్న మైనపు స్ప్రేను ఫ్రేమ్ రంధ్రాల్లోంచి లోపలికి కొట్టండి. నీళ్లు కారే రంధ్రాలు మూసుకుపోకుండా చూడండి. మంచు మొదలయ్యే లోపు చేయండి.