నాలాలో నూనె పారుతుంటే టెండర్ పిలవాలా? టెండర్ లేకుండా నేరుగా ఒకరికే పనిచ్చే నామినేషన్ కొనుగోలుపై మీ మాటేంటి?

నాలా పక్కిల్లు:
పోయినేడు మా ఊళ్లో ఫర్నెస్ ఆయిల్ ట్యాంకర్ బోల్తా పడి నూనంతా వాననీటి నాలాలోకి దిగింది. రెండు కిలోమీటర్ల దిగువన తాగునీటి పంపుహౌస్. నీటి సరఫరా ఇంజినీర్లు ఆ రాత్రే తెలిసిన కాంట్రాక్టరుకు ఫోన్ కొట్టి బూమ్‌లు (నీటి మీద నూనె పాకకుండా అడ్డుగా తేలే కట్టలు), నూనె పీల్చే ప్యాడ్లు, సక్షన్ ట్యాంకర్లు తెప్పించారు. టెండర్ లేదు, కొటేషన్ కూడా లేదు. ఇప్పుడు ఆడిట్ అభ్యంతరం వచ్చింది. నన్నడిగితే ఇది దోపిడీయే.

పాత ఏఈ:
ఆ రాత్రి పంపుహౌస్‌లో మీరుంటే ఇలా అనరు. తక్కువ గడువుతో షార్ట్ టెండర్ పిలిచినా రోజులు పడుతుంది, నూనె ఆగుతుందా? కేంద్రం ఆర్థిక నియమాలు, అదే జీఎఫ్ఆర్ 2017, 166వ నియమం చూడండి. అత్యవసరమైతే ఒకరి దగ్గరే కొనొచ్చు. కారణం ఫైల్లో రాసి, పై అధికారి ఆమోదం తీసుకోవాలి, అంతే. మున్సిపాలిటీలకు రాష్ట్రం జీవోలు వేరే ఉంటాయనుకోండి. 2020 మే 7న విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విషవాయువు లీకైతే, దాన్ని అదుపు చేసే పీటీబీసీ రసాయనం గుజరాత్ నుంచి విమానంలో వచ్చింది. దానికీ మూడు కొటేషన్లు పిలవమంటారా?

బిల్లు చూపించు:
ఆ ఉదాహరణ మీకే అడ్డం తిరుగుతుంది సార్. అలాంటి రసాయనం ఫ్యాక్టరీలో ముందే సరిపడా ఉండాల్సింది. లేకపోవడం ప్రమాద కారణాల్లో ఒకటని రాష్ట్ర ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీయే తేల్చింది. మీ పంపుహౌస్‌దీ అదే కథ. బూమ్‌లేమన్నా కూరగాయలా కుళ్లిపోవడానికి? తీరికున్నప్పుడు టెండర్ పిలిచి ఏడాదికి ధర ముందే ఖాయం చేసే రేట్ కాంట్రాక్ట్ చేసుకుంటే, అర్ధరాత్రి ఫోన్ చేసినా రేటు పాతదే ఉంటుంది.
కొటేషన్ల మీద నాకూ భ్రమల్లేవు లెండి. మా ఆఫీసులో ఒకసారి మూడు కంపెనీల నుంచి మూడు కొటేషన్లు వచ్చాయి. మూడింట్లోనూ ఒకే మాటకి ఒకే స్పెల్లింగ్ తప్పు!

ఎన్నూరు తెలుగోడు:
2017 జనవరి 28న చెన్నై పక్కన మా ఎన్నూరు తీరానికి దగ్గర్లో రెండు ఓడలు గుద్దుకున్నాయి. నల్లటి జిడ్డు ఒడ్డుకు కొట్టుకొస్తే కుర్రాళ్లు బకెట్లతో ఎత్తిపోశారు. మురుగు లాగే సూపర్ సక్కర్ యంత్రాలూ వచ్చాయి గానీ, జిడ్డు మరీ చిక్కన. గొట్టం నూనె కన్నా నీళ్లే ఎక్కువ లాగేది. అలాంటి చోట ట్రిప్పుకింత అని బిల్లు కడితే ఉప్పునీళ్లు కొన్నట్టే. మీరంతా రేటు దగ్గరే ఆగారు. కొలత ఎవరు చూశారు?

నాలా పక్కిల్లు:
మా బిల్లులో 41 ట్రిప్పులున్నాయి. ఎంత నూనె, ఎంత నీళ్లు అన్నది ఎక్కడా లేదు. ఇంకోటి, నాలుగో రోజుకే నీళ్లు తేటపడ్డాయి. అదే కాంట్రాక్టరు మూడు వారాలు పనిచేశాడు.

పాత ఏఈ:
మూడు వారాలా? అది ముందు చెప్పాల్సింది. మొదటి రెండు రోజులకు నేను వకాల్తా పుచ్చుకుంటాను, మిగతాదానికి పుచ్చుకోను. గండం గట్టెక్కాక మిగిలిన పనికి టెండర్ పిలవొచ్చు.
కొలతకి ఒక దారుంది. నూనె కలిసిన మట్టి, జిడ్డు ప్రమాదకర వ్యర్థం. ఆ వ్యర్థాలపై 2016 నియమాల ప్రకారం తరలించే ప్రతి లోడుకూ మానిఫెస్ట్, అంటే ఏది, ఎంత, ఎక్కడికి వెళ్లిందో రాసే రవాణా పత్రం ఉండాలి. పరవాడ, దుండిగల్ లాంటి శుద్ధి కేంద్రాలకు చేరితే తూకం కాగితాలూ దొరకాలి. వాటిని ట్రిప్ షీట్ల పక్కన పెట్టి చూడండి.

బిల్లు చూపించు:
ఆ కాగితాలు లేకపోతే ట్యాంకర్ ఓనర్ నుంచి ఖర్చు రాబట్టడమూ కష్టమే. ఇన్సూరెన్స్ వాళ్లు మొదట అడిగేవి అవే. చివరికి మన నీటి బిల్లు మీద పడుతుంది.

నాలా పక్కిల్లు:
మానిఫెస్టులు, తూకం చీటీలు, ఆమోదం నోట్ ఫైల్ అడుగుతూ ఆర్టీఐ పెట్టాను. దోపిడీ అన్న మాట మాత్రం ఇంకా వెనక్కి తీసుకోవట్లేదు.

పాత ఏఈ:
తీసుకోకండి. పంపుహౌస్ లాగ్ బుక్ కూడా అడగండి. మోటార్లు మళ్లీ ఏ రోజు, ఎన్ని గంటలకు ఆన్ చేశారో అందులో ఉంటుంది.