అప్‌డేట్: సైకిల్ వెనక చక్రం స్పోకుల పొడవు తేలింది

32 రంధ్రాల వెనక చక్రానికి రెండు స్పోకు కాలిక్యులేటర్లు దాదాపు 3 మి.మీ. తేడాతో పొడవులు చూపిస్తున్నాయి, దేన్ని నమ్మాలి అని అడిగాను కదా. సూత్రం రెండిట్లోనూ ఒకటే. వేరేగా ఉన్నది ఈఆర్‌డీ (స్పోకు పొడవు లెక్కకు వాడే రిమ్ము వ్యాసం): ఒకదాంట్లో 594 మి.మీ., ఇంకోదాంట్లో 600. మొదటిది రిమ్ములో నిపుల్ (స్పోకు కొసకు బిగించే చిన్న నట్టు) తల ఆనే చోటి వరకు తీసుకున్న కొలత, రెండోది నిపుల్ తల మీది గాడి వరకు. స్పోకు చివర చేరాల్సింది గాడి దగ్గరికే.

మీరు చెప్పినట్టే రిమ్మును నేనే కొలిచాను. రెండు పాత స్పోకులను మరలున్న కొస వదిలేసి, వంపు వైపు కోసి, సరిగ్గా 200 మి.మీ. ఉంచాను. ఎదురెదురు రంధ్రాల్లో నిపుళ్లు బిగించి లోపలికి లాగి పట్టుకుంటే మధ్య ఖాళీ 200 వచ్చింది. మొత్తం 600. (ఈ పనికి మూడో చెయ్యి కావాలి.) ఇంకో రెండు చోట్లా అంతే.

హబ్బు ఫ్లాంజ్ (స్పోకులు తగిలించే అంచు) రంధ్రాల వృత్తం వ్యాసం 58 మి.మీ., మధ్య నుంచి దూరం ఎడమ 34, కుడి 20, మూడు క్రాసులు (ఒక్కో స్పోకు అదే వైపున్న మరో మూడింటిని దాటుతుంది). ఎడమకు 290.8, కుడికి 289.5 వచ్చాయి. రెండు వైపులా 290 వేసేశాను, ఒకే సైజు కొంటే చాలింది. చక్రం నిటారుగానే తిరుగుతోంది. కుడివైపు బిగువులో ఎడమకు సుమారు 59 శాతమే దక్కుతుంది కాబట్టి, అటువైపు వదులవ్వకుండా ఎడమకు నడుమ సన్నగా ఉండే 2.0-1.8-2.0 మి.మీ. మందం స్పోకులు వాడాను.