తొమ్మిదో తరగతికి వైద్య నీతి పాఠం: పిల్లలు నోరు విప్పడం లేదు

ప్రశ్న: నేను సైన్సు టీచర్ని. వైద్య నీతి మీద రెండు పీరియడ్లు ఇచ్చారు. మొదటి పీరియడ్‌లో రోగి ఇష్టానికి విలువ, మేలు చేయడం, హాని చేయకపోవడం, న్యాయం అని నాలుగు సూత్రాలు బోర్డు మీద రాశాను. అందరూ శ్రద్ధగా నోటుబుక్కుల్లో రాసుకున్నారు, ఒక్కరూ మాట్లాడలేదు. రెండోది ఎలా నడపాలి?

జవాబు: మేడమ్, సూత్రాలను కాసేపు పక్కన పెట్టండి. ఒక పిల్లాడి కథ చెప్పండి. 1796లో ఎడ్వర్డ్ జెన్నర్ అనే డాక్టరు తన తోటమాలి కొడుకు జేమ్స్ ఫిప్స్ చేతికి చిన్న గాటు పెట్టి, పాలు పితికే అమ్మాయి చేతి మీది పొక్కు రసి ఎక్కించాడు. అది ఆవుల నుంచి అంటే గోమశూచి, మశూచి లాంటిదే గానీ తేలికపాటిది. కొన్ని వారాలకు అసలు మశూచి రసే ఎక్కించాడు. జేమ్స్‌కి ఏమీ కాలేదు. వాడికి అప్పుడు ఎనిమిదేళ్లు.

ఇక్కడ ఆపి, "జేమ్స్‌ని ఎవరైనా అడిగారంటారా?" అనండి. మా క్లాసులో ఒకబ్బాయి "మంచే జరిగిందిగా సార్" అన్నాడు. వెనక బెంచీలోంచి ఒకమ్మాయి, "అది తర్వాత తెలిసింది. గాటు పెట్టేటప్పుడు తెలీదుగా!" అంది. ఆ తర్వాత గంట కొట్టేదాకా నేను మాట్లాడాల్సిన పని పడలేదు. అయితే మశూచి రసి ఎక్కించడం ఆ కాలంలో మామూలేననీ, జెన్నర్‌తో మొదలైన టీకాల వల్ల 1980 నాటికి ఆ రోగమే లోకంలో లేకుండా పోయిందనీ తప్పకుండా చెప్పండి. లేకపోతే జెన్నర్‌ని దుర్మార్గుడిగా తీసుకుంటారు.

టైముంటే అమెరికాలోని టస్కీగీ గురించి చెప్పండి. 1932 నుంచి 1972 దాకా అక్కడ ప్రభుత్వ వైద్యులు సిఫిలిస్ (లైంగికంగా అంటుకునే జబ్బు) ఎలా ముదురుతుందో చూడటానికి, అది ఉన్న 399 మంది నల్లజాతివారికి జబ్బు పేరు చెప్పలేదు, దాన్ని నయం చేసే పెన్సిలిన్ వచ్చాక కూడా ఇవ్వలేదు. సిఫిలిస్ అంటే ఏమిటని అడుగుతారు, తడబడకుండా చెప్పేయండి.

ఒక్క జాగ్రత్త. "ఒకే కిడ్నీ ఉంది, ముగ్గురిలో ఎవరికివ్వాలి?" అనే ఆట ఒకసారి ఆడించాను. ఒక పాప బల్ల మీద తల వాల్చేసింది. వాళ్ల నాన్న డయాలసిస్ మీద ఉన్నారని ఆ సాయంత్రం తెలిసింది. నాకు చాలా బాధేసింది. అప్పటినుంచి ఏం మాట్లాడబోతున్నామో ముందు రోజే చెప్తున్నాను. వద్దనుకున్నవాళ్లు లైబ్రరీకి వెళ్లొచ్చు, కారణం అడగను.

ప్రశ్న: చాలా థాంక్స్ సార్. మరి మార్కులు? సరైన జవాబంటూ లేదు కదా.

జవాబు: ఎటువైపు నిలబడ్డారని చూడను మేడమ్. అవతలివాళ్ల వాదనను వాళ్లే ఒప్పుకునేంత బాగా రాశారా అని చూసి వేస్తాను.