గుట్కాతో దొరికిన తొమ్మిదో తరగతి పిల్లాడికి టీసీ ఇచ్చేయాలా?

నాగావళి: ఇచ్చేయాలి. ఒకడు పొట్లం తెస్తే నలుగురు తలా కాస్తా వేసుకుని పంచుకుంటారు. హాస్టళ్లలో ఇది ఇంకా వేగం, పెద్ద తరగతులవాళ్లు చిన్నవాళ్లని కొట్టుకి తరుముతారు. మిగతా పిల్లల్ని కాపాడుకోవద్దా?

బారువ తీరం: వాణ్ణి పంపేసినా కొట్టు మూతపడదండీ, తెచ్చే చెయ్యి మారుతుందంతే. మన శ్రీకాకుళం తీరం ఊళ్లలో ఈ అలవాటుకి పునాది ఇంట్లోనే. నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే అమ్మమ్మలు చుట్టలకి మనవణ్ణే పంపుతారు. పెద్దవాళ్ల కోసమైనా సరే, 18 ఏళ్లు నిండనివాళ్లకి పొగాకు అమ్మడం 2003 నాటి పొగాకు నియంత్రణ చట్టం (కోట్పా) ప్రకారం నేరం. కానీ పదేళ్లకే ఆ గుంటడికి కొట్టువాడితో చనువు కుదిరిపోతుంది. తండ్రి చేపల వేటకని గుజరాత్‌లోని వెరావల్ వెళ్లి నెలల తరబడి రాడు, సాయంత్రాలు అడిగే దిక్కుండదు. అలాంటివాడికి ఏడాది మధ్యలో టీసీ ఇస్తే రోజంతా ఆ కొట్టు దగ్గరే గడుపుతాడు.

నాగావళి: బడికి వంద గజాల్లోపు అమ్మకూడదన్న నియమం ఉందిగా?

కొత్తవలస: ఉంది, సుమారు 91 మీటర్లు. తప్పంతా కొలతలో జరుగుతోంది. గేటు నుంచి రోడ్డు వెంట టేపు పడితే వెనక గోడని ఆనుకున్న బడ్డీ తప్పించుకుంటుంది. ప్రహరీ బయటి అంచు నుంచి అన్ని వైపులా కొలిచి పసుపు గీత గీయాలి. కోట్పా జరిమానా 200 దాకానే, కట్టేసి మర్నాడు మళ్లీ అమ్ముతారు. అందుకే ఫిర్యాదులో బాలల న్యాయ చట్టం 77వ సెక్షన్ కూడా రాయించండి: ఏడేళ్ల దాకా కఠిన కారాగారం, లక్ష దాకా జరిమానా. విడి సిగరెట్లు అమ్మే బడ్డీలని ముందు పట్టుకోండి, పెట్టె మొత్తం కొనే డబ్బు పిల్లల దగ్గరుండదు.

దొరికినవాణ్ణి బడి అసెంబ్లీలో మాత్రం నిలబెట్టకండి, దయచేసి. పేరు పడ్డాక వాడికి ఆ జట్టే మిగులుతుంది. విడిగా అడగండి: ఎవరిచ్చారు, ఏ వేళప్పుడు, ఇంట్లో ఎవరికి అలవాటు. ఇంట్లో అమ్మమ్మ ఒక్కతే ఉంటే ఆవిణ్ణే పిలిపించండి. 14416కి, అంటే టెలీమానస్ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

నాగావళి: గుట్కా వరకు ఒప్పుకుంటాను. తోటివాళ్లకి గంజాయి అమ్మేవాణ్ణి కూడా ఉంచుకోమంటారా?

బారువ తీరం: అమ్మించేది పెద్దవాడే కదండీ. వాడికి అదే బాలల న్యాయ చట్టం 78వ సెక్షన్ కింద అదే ఏడేళ్లు. పిల్లాడు వెళ్లేది జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుకి, జైలుకి కాదు. టీసీ ఇచ్చి పంపేస్తే సరుకు ఎక్కణ్ణుంచి వస్తోందో చెప్పగలిగినవాడే చేజారిపోతాడు. ముందు 1972కి ఫోన్ చేసి, మత్తుమందుల్ని అరికట్టే పోలీసు విభాగం ఈగల్ వాళ్లకి చెప్పండి.

నాగావళి: సరే, టీసీ వద్దు. కానీ హాస్టల్లో ఆ రోజే గది మార్చాలి, చిన్న తరగతుల పిల్లలకి దూరంగా. ఇందులో మాత్రం నేను తగ్గను.