మిర్రర్‌లెస్సా, నీళ్లలో ముంచే చిన్న కెమెరానా? తడిసినవాళ్లు చెప్పండి

కప్పలవేట:
అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదివి వెళ్లిపోవడమే కానీ రాయడం ఇదే మొదలు. సెలవు దొరికితే వాగుల వెంట తిరగడం నా పిచ్చి. కప్పలు, తూనీగలు, నత్తలు, నీటి అంచున బతికే చిన్నాచితకా జీవాలన్నీ తీస్తాను. లకుముకి పిట్ట కనిపిస్తే దాన్నీ వదలను. ఇంతవరకూ ఫోనుతోనే నెట్టుకొచ్చాను. ఇప్పుడు కెమెరా కొంటున్నాను, ఒక్కటే కొంటాను. ఫుల్‌ఫ్రేమ్ మిర్రర్‌లెస్ (వెలుగును పట్టే సెన్సర్ పెద్దగా ఉండి, లెన్సులు మార్చుకునే కెమెరా) తీసుకుని దానికో మాక్రో లెన్స్ (చిన్నవాటిని దగ్గరగా, పెద్దగా తీసేది) పెట్టుకోవాలా, లేక ఓఎం సిస్టమ్ టీజీ-7 లాంటి వాటర్‌ప్రూఫ్ కాంపాక్ట్ తీసుకోవాలా అన్నది తేలడం లేదు. డబ్బు లెక్క నేను చూసుకుంటాను, దాని గురించి వద్దు. నీళ్ల దగ్గర నిజంగా వాడినవాళ్ల అనుభవం కావాలి.

వానపిట్ట:
పిట్ట పేరెత్తారు కాబట్టి నేను చెప్పాలి. టీజీ-7 జూమ్ పూర్తిగా లాగినా ఫుల్‌ఫ్రేమ్ లెక్కలో 100 మిల్లీమీటర్లే. అవతలి గట్టున కూర్చున్న లకుముకి పిట్ట అందులో నీలం చుక్కలా పడుతుంది. ఇప్పటి మిర్రర్‌లెస్‌లు పిట్ట కన్నును వెతికి పట్టుకుని, అది ఎగిరినా వదలకుండా ఫోకస్ చేస్తున్నాయి. తెల్లవారుజామున చెట్ల నీడలో ఐఎస్ఓ (తక్కువ వెలుగులో ఫొటోను ఎంత ప్రకాశవంతం చేయాలో చెప్పే అంకె) 6400 పెట్టినా ఫొటో నిలుస్తుంది. మరో ఆలోచన పెట్టుకోకుండా మిర్రర్‌లెస్ తీసుకోండి. కాకపోతే మాక్రో లెన్స్‌తో పిట్టలు రావు, దూరాన్ని దగ్గర చేసే టెలిఫొటో లెన్స్ కూడా కొనాల్సి వస్తుంది.

తడిచెయ్యి:
చూశారా, మొదటి జవాబులోనే ఇంకో లెన్స్ కొనిపించేశారు :)

నా కథ చెబుతాను. నా దగ్గర ఒక వాటర్‌ప్రూఫ్ కాంపాక్ట్ ఉండేది. ఏ కంపెనీదో అనవసరం, తప్పు నాదే. మూడేళ్లు వానలో, వాగుల్లో, ఇసుకలో, బురదలో దాన్ని వాడని చోటు లేదు. ఆ ధీమాతోనే ఒకరోజు వాగు ఒడ్డున కూర్చుని, తడి చేతులతో తలుపు తీసి కార్డు మార్చాను. మూసి మళ్లీ నీళ్లలో పెట్టాను. పది నిమిషాలకు స్క్రీన్ మీద గీతలొచ్చాయి, తర్వాత లెన్స్ లోపల ఆవిరి పట్టింది. ఆ సాయంత్రానికే పోయింది. ఇంటికొచ్చి విప్పి చూస్తే రబ్బరు సీలు మీద ఒక వెంట్రుక అడ్డంగా అతుక్కుని ఉంది. నా వెంట్రుకే. దాని వెంటే నీరు లోపలికి దారి చేసుకుంది.

పైగా మూడేళ్లలో ఒక్కసారి కూడా సీలు మార్పించలేదు. ఏడాదికోసారి మార్పించమని తయారీదారులు చెబుతూనే ఉంటారు, మనం ఆ పేజీ చదవం. రబ్బరు ఎండిపోతుంది, గట్టిపడుతుంది. వాటర్‌ప్రూఫ్ అనే గుణం పెట్టెతో పాటు వచ్చి అక్కడే ఉండిపోదు, బండి టైర్లలో గాలిలా మనం చూసుకుంటూ ఉండాలి.

ఐదుస్టాపులు:
అసలు లెక్క ఎవరూ చెప్పలేదు. ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ 36 బై 24 మిల్లీమీటర్లు, అంటే 864 చదరపు మిల్లీమీటర్లు. టీజీ-7లో ఉన్న 1/2.3 అంగుళాల సెన్సర్ అటూఇటుగా 28 చదరపు మిల్లీమీటర్లు. 30 రెట్ల తేడా. స్టాపుల్లో (ఒక్కో స్టాపు అంటే వెలుగు రెట్టింపు) చెబితే దాదాపు ఐదు. అదే అపెర్చర్ (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం), అదే షట్టర్ వేగం పెడితే చిన్న సెన్సర్‌లో ఐఎస్ఓ 200 దగ్గర ఫొటోలో కనిపించే గింజ, పెద్దదానిలో ఇంచుమించు 6400 దగ్గరికి వెళితే కానీ కనిపించదు. వాగుల పక్కన ఎప్పుడూ చెట్ల నీడే. ఇంతకంటే వాదన అక్కర్లేదు.

నత్తనడక:
ఐదుస్టాపులు గారూ, మీ లెక్క తప్పు కాదు, సగం దగ్గర ఆగిపోయారంతే.

"అదే అపెర్చర్ పెడితే" అన్నారు. కానీ కప్పను దగ్గరగా తీసేటప్పుడు అదే అపెర్చర్ పెడతామా? మాక్రోలో ఎఫ్/2.8 పెడితే కప్ప కన్ను ఒక్కటే స్పష్టంగా వస్తుంది, మూతి కూడా మసకే. కన్ను నుంచి వీపు దాకా రావాలంటే ఎఫ్ అంకె పెంచి అపెర్చర్ మూయాలి. టీజీ-7లో ఎఫ్/2 దగ్గర ఎంత డెప్త్ (ముందు నుంచి వెనక దాకా స్పష్టంగా వచ్చే మేర) వస్తుందో, అదే ఫ్రేమింగ్‌తో ఫుల్‌ఫ్రేమ్‌లో అంత రావాలంటే దాదాపు ఎఫ్/11కి వెళ్లాలి. ఎఫ్/2 నుంచి ఎఫ్/11 ఎన్ని స్టాపులు? ఐదు. అంటే పెద్ద సెన్సర్ ఇచ్చిన ఐదు స్టాపులూ అక్కడే ఖర్చైపోయాయి. ఐఎస్ఓ 6400 పెట్టుకుని కూర్చోవడమే, లేదంటే ఫ్లాష్ కొట్టాలి.

పెద్ద సెన్సర్ లాభం ఎప్పుడు చేతికొస్తుందంటే, డెప్త్ తక్కువైనా ఫర్వాలేదు అనుకున్నప్పుడు. దూరంగా ఉన్న పిట్ట, మనిషి ముఖం, వెనక అంతా మసకగా కరిగిపోవాలి అనుకున్నప్పుడు మిర్రర్‌లెస్‌కు తిరుగులేదు. అరచేతిలో పట్టే జీవాన్ని నిండుగా, స్పష్టంగా చూపించాలంటే మాత్రం రెండూ దాదాపు ఒకే గట్టు మీద నిలబడతాయి. నేను రెండూ వాడాను కాబట్టి ఇంత నమ్మకంగా చెబుతున్నాను.

ఐదుస్టాపులు:
ఒప్పుకుంటాను, మాక్రో సంగతి నేను ఆలోచించలేదు. కానీ ఒక్క మాట. ఫుల్‌ఫ్రేమ్‌లో ఆ డెప్త్ కావాలా వద్దా అనేది నా ఇష్టం. కాంపాక్ట్‌లో ఆ ఇష్టం లేదు. టీజీ మోడల్స్‌లో పూర్తి మాన్యువల్ మోడ్ కూడా లేదు, షట్టర్ వేగం మనమే ఎంచుకునే షట్టర్ ప్రయారిటీ కూడా లేదు. ప్రోగ్రామ్, అపెర్చర్ ప్రయారిటీ, అంతే. అపెర్చర్లు కూడా వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మెగాపిక్సెళ్లు 12. గోడకు పెద్ద ప్రింట్ వేయాలన్నా, మూలనున్న జీవాన్ని కోసి పెద్దది చేయాలన్నా అది సరిపోదు.

నత్తనడక:
నిజమే. అలాగే మైక్రోస్కోప్ మోడ్ గురించి కూడా చెప్పాలి. లెన్స్‌కు ఒక సెంటీమీటరు దూరం దాకా వెళ్లి ఫోకస్ చేస్తుంది. నత్త గుడ్లు, నాచు మీది బుడగలు, సాలీడు కళ్లు ఇందులో వచ్చినట్టు ఇంకే చిన్న కెమెరాలోనూ నాకు రాలేదు. ఫోకస్ మారుస్తూ వరుసగా తీసి, కెమెరాలోనే కలిపి ఒక్క ఫొటో చేసే సదుపాయం కూడా ఉంది. కాకపోతే సెంటీమీటరు దూరం అంటే కెమెరా నీడ జీవం మీదే పడుతుంది. లెన్స్ చుట్టూ పెట్టుకునే లైట్ గైడ్ విడిగా దొరుకుతుంది, అది తప్పనిసరి. ఇక కప్ప అంత దగ్గరకు రానిస్తుందా అంటే, రానివ్వదు. నత్త రానిస్తుంది. 100 మిల్లీమీటర్ల మాక్రో లెన్స్‌తో అయితే లెన్స్ ముందు పది సెంటీమీటర్లకు పైనే ఖాళీ మిగులుతుంది, అది పెద్ద సౌకర్యం.

రీలుడబ్బా:
ఎందుకు కొట్టుకుంటున్నారు, మిర్రర్‌లెస్‌లు కూడా వెదర్ సీల్డ్ వస్తున్నాయి కదా?

పాతనెగటివ్:
ఈ ఒక్క మాట చాలామందిని ముంచింది తమ్ముడూ. వానకోటు వేసుకున్నవాడు వానలో నడవగలడు, బావిలో దూకలేడు. చాలా కంపెనీలు "వెదర్ సీల్డ్" అని రాస్తాయి కానీ ఎంత వరకో అంకె ఇవ్వవు. 2022లో వచ్చిన ఓఎం-1 అనే మిర్రర్‌లెస్‌కి ఐపీ53 అని అంకె ఇచ్చారు, ఐపీ అంటే దుమ్ము, నీరు ఎంత తట్టుకుంటుందో చెప్పే కొలత. ఆ 3 అర్థం, పైనుంచి, కాస్త ఏటవాలుగా జల్లు పడితే తట్టుకుంటుందని. నీటిలో మునగడం అందులో లేదు. పైగా సీల్డ్ లెన్స్ తగిలిస్తేనే ఆ మాట నిజం.

నాకు అది అనుభవమే. బాడీ సీల్డ్, లెన్స్ మామూలు జూమ్. జల్లులో గంటసేపు తీశాను. జూమ్ తిప్పినప్పుడల్లా గొట్టం బయటికొచ్చి లోపలికి వెళుతుంది కదా, దానితో పాటు తడిగాలినీ లోపలికి లాక్కుంది. ఇంటికొచ్చాక చూస్తే లెన్స్ లోపల ఆవిరి. సిలికాజెల్ వేసిన డబ్బాలో నాలుగు రోజులు పెడితే పోయింది. కానీ నెలల తర్వాత ఓ మూల సాలెగూడులా ఫంగస్ మొదలైంది.

నీళ్లలో మునిగే అసలైన కెమెరాలు లేకపోలేదు. నికాన్ 1963లోనే నికనాస్ అని ఫిల్మ్ కెమెరా తెచ్చింది, బయట డబ్బా అక్కర్లేకుండా నేరుగా నీటిలోకి వెళ్లేది. లెన్సులు మార్చుకోవచ్చు కూడా. డిజిటల్‌లో 2013లో అదే కంపెనీ 1 ఏడబ్ల్యూ1 అని 15 మీటర్లు మునిగే మిర్రర్‌లెస్ తెచ్చింది. మీకు కావాల్సింది సరిగ్గా అలాంటిదే, కానీ ఆ వరుసే ఆగిపోయింది. మంచి ఆలోచనలకు మార్కెట్‌లో ఆయుష్షు తక్కువ.

లోతుమనిషి:
డైవింగ్ చేసేవాణ్ణి. మిర్రర్‌లెస్‌కు హౌసింగ్, అంటే నీరు చొరని డబ్బా, వేసుకుని దిగుతాను. దాని గురించి ఎవరూ అనలేదు కాబట్టి రాస్తున్నా. హౌసింగ్ ప్రతి బాడీకి వేరు. బాడీ మారిస్తే డబ్బా కూడా మార్చాలి. వైడ్ లెన్స్‌కు గుండ్రటి డోమ్ పోర్ట్, మాక్రోకు చదును పోర్ట్. దిగే ముందు గాలి లాగేసి లీకు ఉందేమో చూసుకోవాలి. అన్నీ బిగించడానికి నాకు అరగంట పడుతుంది. మోకాలి లోతు వాగుకు ఇంత హంగామా ఎందుకండీ? నీటి కింద ఎరుపు రంగు ఐదారు మీటర్లకే చాలావరకు పోతుంది, లైట్లు పట్టుకెళ్లాలి. మీ జానెడు లోతులో ఆ బాధ కూడా లేదు.

చిన్న కెమెరావాళ్లు మరిచిపోయేది ఒకటుంది. ఇవి నీళ్లలో తేలవు, మునుగుతాయి. తేలే పట్టీ విడిగా కొనుక్కోండి. నా స్నేహితుడి కెమెరా ఏ లోపం లేకుండా, చక్కగా పనిచేస్తూనే ఓ మడుగు అడుగున ఉంది.

చిటికె:
మీ ఫోనే వాటర్‌ప్రూఫ్ అయ్యుంటుంది కదండీ? నాది ఐపీ68. మళ్లీ ఖర్చు ఎందుకు?

కప్పలవేట:
చిటికె గారూ, నాదీ అదే. కానీ నాలుగు చుక్కలు పడితే టచ్ నా మాట వినదు. నీటి కింద అయితే అసలే వినదు. ఆ ఐపీ పరీక్ష మంచినీటిలో, నిలకడ నీటిలో, కొత్త ఫోనుకు చేసేది. పైగా ఫోను పోతే నాకు కెమెరా ఒక్కటే కాదు, సగం బతుకు పోయినట్టు.

ఇక మీ అందరి మాటలు చదివాక ఒక పని చేశాను. ఫోనులో నేను చెరపకుండా దాచుకున్నవి, అంటే మళ్లీ చూడాలనిపించినవి లెక్కపెట్టాను. 140. అందులో పిట్టలు 9, అవి కూడా బాగా రాలేదు. మిగిలినవన్నీ అరచేతి కంటే చిన్న జీవాలే. పిట్టల మీద నాకున్న మోజు, నేను నిజంగా తీసే ఫొటోలూ వేరువేరని ఇప్పుడే తెలిసింది.

వానపిట్ట:
మోజు మోజే, దాన్ని లెక్కల్లో పెట్టకండి. బాగా రాలేదు కాబట్టే 9 ఉన్నాయి, మంచి లెన్స్ ఉంటే 90 ఉండేవి.

కప్పలవేట:
అదీ నిజమే కావచ్చు, కొట్టిపారేయను. అందుకే తెలిసినవాళ్ల దగ్గర టీజీ-6 ఒక్కరోజుకు అడిగి తీసుకున్నాను. 2019 మోడల్, 12 మెగాపిక్సెళ్లు, నాకు కావాల్సిన మైక్రోస్కోప్ మోడ్ ఇందులోనూ ఉంది. ఇవాళ పొద్దున వాగులో దిగాను.

మొదటి గంట చిరాకేసింది. ఎండలో స్క్రీన్ కనపడదు, కన్ను పెట్టి చూసే వ్యూఫైండర్ లేదు, గుడ్డిగా నొక్కడమే. తూనీగ ఎగిరేటప్పుడు తీద్దామంటే షట్టర్ నా చేతిలో లేదు. ఐదుస్టాపులు గారి మాట గుర్తొచ్చింది. తర్వాత ఒక రాయి పక్కన కెమెరాను సగం నీటిలో ముంచి, తోకకప్పలు ఈదుతుంటే కింద నుంచి పైకి తీశాను. వాటి పొట్ట పలచగా ఉంటుంది కదా, వెలుగు వెనక నుంచి పడితే లోపల చుట్టలు చుట్టిన పేగు కనిపించింది. ఒకదానికి వెనక కాళ్లు మొలుస్తున్నాయి. ఇన్నేళ్లుగా వాటిని పైనుంచే చూశాను, ఎప్పుడూ నల్లటి చుక్కలే. ఒడ్డున నిలబడి ఎంత గొప్ప లెన్స్ పెట్టినా ఇది రాదు, ఎందుకంటే వాటికీ నాకూ మధ్య నీటి పైపొర మెరుస్తూ ఉంటుంది.

నేను చిన్నదే తీసుకుంటున్నాను. ఇంకో రెండేళ్ల తర్వాత పిట్టలు అంతగా పిలిస్తే అప్పుడు చూద్దాం.

నత్తనడక:
ఆ ఫొటో ఇక్కడ పెట్టండి ముందు. రా ఫైల్ (కెమెరా రంగులు సరిచేయని ముడి ఫొటో) కూడా తీశారా? జేపెగ్‌లో అది నీటి రంగును బాగా మార్చేస్తుంది, తర్వాత సరిచేయడం కష్టం.

తడిచెయ్యి:
కొంటున్నారు కాబట్టి నా చాదస్తం భరించండి. తలుపు పొడిచోటే తియ్యండి, వాగు దగ్గర తియ్యొద్దు. బ్యాటరీ, కార్డు ఇంటి దగ్గరే సర్దుకుని వెళ్లండి. ఎండలో కాగిన కెమెరాను చల్లటి నీటిలో ఒక్కసారిగా ముంచకండి, లోపలి గాలి కుంచించుకుని తేమ లెన్స్‌కు పడుతుంది, సీలులో ఏ సందున్నా నీటిని లాక్కుంటుంది. 15 మీటర్లు అని రాశారు కదా అని చేతిలో పట్టుకుని గట్టు మీది నుంచి దూకకండి, ఆ అంకె నిలకడ నీటి ఒత్తిడికి ఇచ్చింది. సబ్బునీళ్లు, వేడినీళ్లు తగలనివ్వొద్దు. ఇంటికొచ్చాక తలుపు మూసే ఉంచి మంచినీటిలో కాసేపు నానబెట్టండి, బటన్ల సందుల్లోని ఇసుక బయటికి పోతుంది. బాగా ఆరాకే తెరవండి. తెరిచిన ప్రతిసారీ వెలుగులో సీలు చూడండి. అరువు కెమెరా మరీ జాగ్రత్త.

కప్పలవేట:
మీరు చెప్పినట్టే నానబెట్టి, ఆరబెట్టి ఇప్పుడే తెరిచాను. సీలు మీద ఏదో ఉంది. టార్చి వేసి చూశాను.

తడిచెయ్యి:
వెంట్రుకా?

కప్పలవేట:
పిల్లి వెంట్రుక. మా ఇంట్లో పిల్లి లేదు, కెమెరా ఇచ్చినవాళ్లింట్లో రెండున్నాయి. లోపల తడి లేదు, బతికిపోయాను. ఇప్పుడే ఫోన్ చేసి చెబుతున్నాను.